ఎదురు ప్రశ్న

జ్ఞానప్రసూన లైబ్రరీ మీటింగ్ రూమ్ తలుపు తోసేసరికి, స్పందన మొదటి వరుసలో కూర్చుని వంచిన తల ఎత్తకుండా నోట్సు రాసుకుంటోంది. తన గీత క్లాసులో ఆ పిల్ల ఏనాడూ పెన్ను బయటికి తీసిన పాపాన పోలేదు.

నేపర్‌విల్‌లో పధ్నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున పదింటికి ఆవిడ బేస్‌మెంట్‌లో గీత క్లాసు. ఇవాళ గొంతు నొప్పని యాహూ గ్రూప్‌లో మెయిల్ పెట్టి ఇక్కడికి వచ్చింది. గొంతుకేమీ కాలేదు, కడుపు మండుతోంది. మూడు వారాలుగా స్పందన రావడం లేదేమని వాళ్లమ్మ నళినికి ఫోన్ చేస్తే, అదేదో కబ్బాలా అట, యూదుల వేదాంతమట, దేవుణ్ని వెతుక్కుంటానంటూ ఆదివారం పొద్దున లైబ్రరీలో క్లాసుకు వెళ్తూ తెగ చదివేస్తోందని నళిని మురిసిపోతూ చెప్పింది. ఆ మురిపెమే ముల్లులా దిగింది. తొమ్మిదేళ్ల పిల్లప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని దానికి మొదటి శ్లోకం చెప్పిందెవరు?

పాఠం చెబుతున్నావిడ పేరు మిరియమ్. డెబ్బై దాటాయి. నలిగిన స్వెట్టరు, మాటకో దగ్గు. ఈవిడలో ఏం చూసి ఇటు వచ్చిందో! జ్ఞానప్రసూన చివరి కుర్చీలో కూర్చుని, తప్పెక్కడ దొరుకుతుందా అని చెవులు రిక్కించింది.

అనంతుడైన దేవుడు మొదట్లో అంతటా తానే నిండి ఉన్నాడట. లోకానికి చోటు లేక, తనను తాను కాస్త కుదించుకుని పక్కకు తప్పుకున్నాడట. ఆ ఖాళీలో సృష్టి పుట్టిందట. స్పందన చెయ్యెత్తి, తప్పుకున్న చోట ఆయన లేనట్టేనా అని అడిగింది. మిరియమ్ సంబరపడిపోయింది. జ్ఞానప్రసూనకు ఒళ్లు మండింది. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పినా తనను ఒక్క ప్రశ్న అడగలేదే!

ఇక ఆగలేక తానూ చెయ్యెత్తింది. పూర్ణంలోంచి పూర్ణం తీసినా పూర్ణమే మిగులుతుందని మా ఉపనిషత్తు ఏనాడో చెప్పింది, దేవుడికి కుదించుకోవలసిన ఖర్మేమిటని ఇంగ్లీషులో దులిపేసింది. స్పందన వెనక్కి తిరిగి చూసి కొయ్యబారిపోయింది. మిరియమ్ మాత్రం కోపగించుకోలేదు. కుర్చీ లాక్కొచ్చుకుని జ్ఞానప్రసూన ఎదురుగా కూర్చుంది.

“అంతా పూర్ణమే అన్నారు కదా. మరి ఈ వెలితి మనకెక్కడి నుంచి వచ్చిందంటారు?”

జ్ఞానప్రసూన నోరు తెరిచింది. శ్లోకాలు వరసకట్టి వచ్చాయి. ఒక్కటీ సరిపోలేదు. పధ్నాలుగేళ్లలో ఆవిణ్ని ఎదురు ప్రశ్న అడిగినవాళ్లు లేరు. అడిగే సందు ఆవిడ ఇచ్చిందీ లేదు.

“తెలియదు,” అంది చివరికి.

“నాకూ తెలియదు. వచ్చే వారం వెతుకుదాం,” అంది మిరియమ్.

క్లాసయ్యాక పార్కింగ్ లాట్‌లోకి స్పందన పరుగున వచ్చింది. కళ్లల్లో నీళ్లు.

“సారీ ఆంటీ. మీరు హర్ట్ అయ్యారు, నాకు తెలుసు. మీకు చెప్పాలంటే భయం వేసింది. ఇది స్టాప్ చేస్తా. నెక్స్ట్ సండే టెన్‌కి మీ క్లాస్‌కే వస్తా. ప్రామిస్.”

ఆ మాట వినాలనే జ్ఞానప్రసూన మూడు వారాలుగా తిండి సయించక తిరిగింది. ఇప్పుడు విన్నది. కారు తలుపు మీద చెయ్యి వేసి, లైబ్రరీ కేసి చూసింది.

“పదింటికి రాకమ్మా,” అంది మెల్లగా. “మన క్లాసు సాయంత్రం నాలుగింటికి మార్చేస్తున్నాను. పొద్దున పూట నాకిక్కడ క్లాసుంది.”