యాకయ్య రోటరీ బాకా

"ఇంకొక్క తప్పు పోయిందో, గా బాకా గాయనతోనే బొందలకు పోతది!" పాడె పక్కన నడుస్తున్న సాలమ్మ, ముందున్న బ్యాండు వాళ్ల మీద కయ్యిమంది.

ముందు బాకా ఊదుతున్న ఎల్లేశ్ గబుక్కున మీటల మీద వేళ్లు సర్దుకున్నాడు. సాలమ్మ మొగుడు, బ్యాండు మాస్టర్ యాకయ్య పొద్దున్నే పోయాడు. పోతూ ఒకటే మాట చెప్పాడు. తన రోటరీ యుఫోనియం తన శవం ముందు సరిగ్గా వాయించిన శిష్యుడికే దక్కాలి, లేదంటే తనతో పాటే పూడ్చెయ్యాలి. అలాంటి బాకా జనగామ జిల్లా మొత్తంలో ఇంకొకటి లేదు. దానికోసం ఎల్లేశ్ పదేళ్లుగా గుటకలు మింగుతున్నాడు. బతికుండగా ముట్టనిస్తేగా ఆ మొండి ముసలాయన!

తీరా చేతికొచ్చాక వేళ్లు మాట వినడం లేదు. ఎల్లేశ్ సొంత బాకా మామూలుది. బొత్తాలను పైనుంచి అడుగంటా నొక్కాలి. దీని మీటలు అలా కావు. కాస్త ఆనిస్తే చాలు, లోపల కవాటం గిర్రున తిరిగి స్వరం మారిపోతుంది. పాత అలవాటుకొద్దీ నొక్కబట్టే ఇందాక పాట జారింది.

"ఏందిరా, బోరింగు కొడుతున్నవా? గట్ల మోపకు. జర ఆనించు," అన్నాడు డ్రమ్ము వాయిస్తున్న లక్ష్మా.

"అలవాటు పోతలేదే అన్నా."

"అదే పోతది. ఊదు."

ఊదాడు. ఈసారి మెత్తగా, బరువుగా పలికింది. మామూలు బాకాకు ఆ గొంతు చచ్చినా రాదు. అచ్చం మాస్టరే ఊదుతున్నట్టుంది. పైన మబ్బు కమ్మి, గాలి స్తంభించింది.

దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాడు పలుకుతాడేమోనని చివరిసారి చెవిలో పిలిచే చోటు అది. బ్యాండు ఆగింది. కొడుకు జీవన్ కళ్లు మూసుకుని వంగాడు.

"బాపూ! బాపూ! బాపూ!"

సాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని మొహం తిప్పుకుంది. అందరూ తలలు వంచుకున్నారు. కాళ్ల దగ్గర నిలబడ్డ ఎల్లేశ్ ఒక్కడే పాడె వైపు చూస్తున్నాడు.

యాకయ్య ఛాతీ మీదున్న చేతి చూపుడు వేలు కదిలింది. తర్వాత నడిమి వేలు. పెదవులు గాలి కోసం విచ్చుకున్నాయి.

"పలికిండా? ఎల్లేశూ, నువ్వేమన్న చూసినవా బిడ్డా?" సాలమ్మ ఇటు తిరిగి అడిగింది.

ఎల్లేశ్ బాకాను గుండెకు అదుముకున్నాడు.

"లేదవ్వా. ఎత్తుండ్రి," అన్నాడు.

అక్కడి నుంచి పూడ్చే బొందలగడ్డ దాకా ఒక్క తప్పు కూడా పోలేదు.