వరుసల మధ్య జాగా

కంప్యూటర్ అబద్ధమాడదని మీరూ నమ్ముతున్నారా?

పలాసలో మా సంఘం పెట్టిన రక్తపరీక్షల కేంద్రంలో సంజన, కంప్యూటర్ తెర మీద తాను తయారుచేసిన ఫలితాల పట్టిక చూసి “కిడ్నీలు బాగున్నాయి మావా” అంది.

“సముద్రమే ఏటీ సెయ్యనేదు, రోగమేటి సేత్తాదే!” అంటూ జాలరి కూర్మయ్య గుజరాత్ చేపల బోట్ల పనికి రైలెక్కేశాడు.

తర్వాత తెలిసింది, ఆమె చదివింది పై వరుసలోని మనిషి ఫలితమని. కూర్మయ్య కిడ్నీలు పాడయ్యాయి. అతనికింకా కబురందలేదు.

“ముందు ఆకాశం, అంటే జాగా, ఆ తర్వాతే గాలి అంది ఉపనిషత్తు. వరుసల మధ్య వేలెడు జాగా వదల్లేవా?” అని అరిచాను.

సంజన తలెత్తలేదు. “ఒగ్గినాను బాబూ. ‘ఒట్టిగా ఎందుకు’ అని ఆ జాగాలో గీతా శ్లోకాలు ఎట్టమన్నది తమరే కదేటి?”

ఆ తెర చూసి మూడు నెలలుగా ఎందరిని ఇంటికి పంపామో! వాళ్లలో మీరుంటే రేపనకండి. ఇవాళే వచ్చి మళ్లీ రక్తం ఇవ్వండి.