క్యూలో వెనకాయన

ఫొటో చూడగానే వీరేంద్ర గుర్తుపట్టాడు. అయినా తల అడ్డంగా ఊపాడు.

“తెలీదమ్మా. ఆ రోజు ఎయిర్‌పోర్టులో వందలమంది ఉన్నారు.”

తన పేరు చెప్పుకుని ఎదురు కుర్చీలో కూర్చున్న ప్రసన్నలక్ష్మి ఫొటో వెనక్కి తీసుకోలేదు. పై దేశంలో రొయ్యల చెరువులకి మెషీన్లు బిగించే పనికి వెళ్ళి, తిరిగొస్తూ ఆ ఎయిర్‌పోర్టు బాంబు దాడిలో పోయిన సత్తిరాజు ఆవిడ భర్త. విమానాల మీదా, విమానాశ్రయాల మీదా ఇన్నేళ్ళుగా జరిగిన ఉగ్రవాద దాడుల గురించి టీవీలో ఏదో కార్యక్రమం వేశారు. చివర్లో వీరేంద్రని చూపించి, బతికి బయటపడ్డ కలిదిండి రొయ్యల వ్యాపారి అన్నారు. ఆ ముక్క పట్టుకుని దెందులూరు నుంచి బస్సులు మారి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందావిడ.

“ఇంకోసారి చూడండి అన్నయ్యగారూ. నీలం చొక్కా వేసుకున్నారు. ఆ రోజు పొద్దున వీడియో కాల్‌లో చూశాను.”

చూడక్కర్లేదు. ఆ మనిషి క్యూలో తన వెనకే నిలబడ్డాడు. బాంబు పేలినప్పుడు ఇద్దరూ పక్కపక్కనే పడ్డారు. వీరేంద్ర లేచి పరిగెత్తాడు. ఆ మనిషి లేవలేదు. అంతవరకే తెలుసు. అప్పటినుంచి వీరేంద్రకి భయం వెయ్యదు, ఏడుపు రాదు. పెడితే తింటాడు, చెరువుల మీదకి వెళ్ళొస్తాడు.

ఉదయశ్రీ మజ్జిగ గ్లాసు తెచ్చిపెట్టి, భర్త మొహం చూసింది.

“ఏవండీ, తెలిసిందేదో చెప్పండి. అంత దూరం నుంచి వచ్చారు, పాపం.”

“నా పక్కనే పడ్డారమ్మా” అన్నాడు వీరేంద్ర.

ప్రసన్నలక్ష్మి నిటారుగా కూర్చుంది. “అప్పటికి ప్రాణం ఉందాండీ?”

“ఉంది.”

“బాధపడ్డారా?”

“లేదమ్మా.” అబద్ధం తేలిగ్గానే వచ్చింది. తరవాతది ఇంకా తేలిగ్గా వచ్చింది. “మిమ్మల్నే తలుచుకున్నారు. ‘ప్రసన్నా’ అన్నారు. ‘ప్రసన్నకి చెప్పండి, బెంగ పెట్టుకోవద్దని’ అన్నారు.”

ఆవిడ ఫొటో దగ్గరికి లాక్కుంది. మజ్జిగ ముట్టుకోలేదు.

“గొంతు ఎలా ఉందండీ?”

“ఏంటమ్మా?”

“అలా అన్నప్పుడు, ఆయన గొంతు.”

“నెమ్మదిగా ఉంది. కానీ స్పష్టంగా వినబడింది.”

ఆవిడ తల ఊపింది. ఫొటో సంచిలో పెట్టుకుని, పమిటతో కళ్ళు తుడుచుకుని లేచింది. ఆ కన్నీళ్ళు చూసినా వీరేంద్రకి లోపల ఏమీ కదల్లేదు. పోనీలే, ఆవిడకైనా కాస్త ఊరట అనుకున్నాడు.

ప్రసన్నలక్ష్మి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

“ఆయన పోవడానికి నాలుగేళ్ళ ముందే గొంతు క్యాన్సరుకి ఆపరేషనయ్యిందండి. అప్పట్నించీ ఆయనకి మాట లేదు” అంది మెల్లగా. “ఇందాక అన్నారే, ప్రసన్నా అని... ఇంకొక్కసారి అనండి అన్నయ్యగారూ.”