టైటిల్ వెనక నీడ

“కనపడట్లేదక్కా!” అన్నాడు అకౌంటెంటు, ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ.

ఆమెకు ఒళ్ళు మండింది. కనపడటం లేదన్న సంగతి ఆమెకూ కనపడుతూనే ఉంది. ఫోటోలో పంపుల కంపెనీ కొత్త షెడ్డు, దాని పైన తెల్లటి ఆకాశం, ఆకాశం మీద తెల్లటి టైటిల్. షాడో పెట్టింది. అక్షరాలకు గ్రీజు అంటినట్టయింది. షాడో తగ్గించింది. టైటిల్ మళ్ళీ మాయం.

“ఎరుపు పెట్టండి.”

“డేంజర్ బోర్డులా ఉంటుంది.”

“పోనీ, పసుపు?”

“పోనీ, నువ్వు పో నాయనా! ప్రోగ్రాం నాలుగింటికి. ఇప్పుడే రెండున్నర.”

అతను పోలేదు. ఆఫీసులో అతన్ని సలహాలరావు అనేది ఊరికే కాదు.

మొత్తం నలభై ఫోటోలు. ప్రతి ఫోటోకీ ఒక టైటిల్, ప్రతి టైటిల్ వెనకా ఒక నీడ. ఆ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్‌కి ఆమె మీద ఏం పగో గానీ, ఒకచోట నీడ సర్దితే ఇంకోచోట చెదిరిపోతోంది. వత్తులు అక్షరాల కింద నిలవకుండా పక్కకు జారిపోతున్నాయి. ‘ప్రారంభోత్సవం’ అని ఐదుసార్లు కొట్టింది. ఐదుసార్లూ ముక్కలై కూర్చుంది. విసుగొచ్చి ‘మొదటి రోజు’ అని రాసి పారేసింది.

అసలు తలనొప్పి అదీ కాదు. ఈ స్లైడ్‌షో ఇవాళ రిటైరయ్యే మనిషి కోసం. తీరా చూస్తే నలభై ఫోటోల్లో ఆ మనిషే లేదు!

ముప్పయ్యొక్క ఏళ్ళ ఆల్బమ్‌లన్నీ జల్లెడ పట్టింది. మొదటి పంపు బయటికొచ్చిన రోజు అందరూ పళ్ళికిలించి నిలబడ్డారు. ఆ మనిషి లేదు. గోడౌన్లోకి నీళ్ళొచ్చిన ఏడు అందరూ మోకాళ్ళ పైకి బట్టలెత్తి పెట్టెలు మోస్తున్నారు. లేదు. ఆటల పోటీల్లో లేదు, పిక్నిక్కులో లేదు. ఒకే ఒక్క ఫోటోలో చివరాఖర్న సగం మొహం ఉంది, అదీ కదిలిపోయి. దాన్నే పెద్దది చేసి చూసింది. ముక్కేదో చెవేదో తెలియకుండా పోయింది.

ఇంతలో మేనేజరు వచ్చాడు.

“ఎంతవరకొచ్చిందక్కా?” ఆఫీసులో చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు.

“ఏం రావడం సార్! ఒక్క మంచి ఫోటో దొరికితే ఒట్టు.”

“అదేం మాటక్కా, పెళ్ళికూతురు లేకుండా పెళ్ళి చేస్తామా? ముందు వరుసలో ఇంట్లోవాళ్ళు కూర్చుంటారు. కూతురు, అల్లుడు, మనవరాలు. ఏం చూపిస్తాం వాళ్ళకి?”

ఆ మాటే పొద్దుటినుంచి ఆమెను తొలిచేస్తోంది. రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఆ మనిషి ఎక్కడికి పోయేదో, ఏం చేసేదో ఇంట్లోవాళ్ళు ఒక్కసారీ చూడలేదు. చూసే అవకాశం ఇదొక్కటే. రేపు ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారు. ఇన్నేళ్ళు ఇక్కడ ఒక మనిషి ఉండేదనడానికి ఆనవాలైనా లేకపోతే ఎలా? ఆమెకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“ఎలాగోలా కానివ్వండి. మీరు తప్ప ఇది చేతనైనవాళ్ళు ఇక్కడ లేరు,” అన్నాడు మేనేజరు. “చివరి స్లైడు మీద ‘నిస్వార్థ సేవామూర్తి’ అని పెద్దక్షరాలతో పెట్టండి.”

“అంత అవసరమా సార్? ‘ధన్యవాదాలు’ అంటే చాలదూ?”

“చూశారా సార్!” సలహాలరావు అందుకున్నాడు. “అందర్నీ నోరారా మెచ్చుకుంటుంది అక్క. ఈ ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాదు.”

“చెయ్యి కాదు నాయనా, వత్తులు రావట్లేదు! సేవామూర్తి ముక్కలైతే నలుగురూ నవ్వుతారు.”

“ముక్కలైనా సరే, ఉండాల్సిందే,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు మేనేజరు.

తల కొట్టుకుని టైప్ చేసింది. అనుకున్నట్టే విరిగింది. ఫాంటు మార్చింది. అతికింది గానీ, నీడ దట్టంగా పడి ఆ సగం మొహాన్ని కూడా మింగేసింది. టైటిల్ కిందికి జరపబోతే కంప్యూటరు బిగుసుకుపోయింది.

“చచ్చినదానా!” అని మౌసును బల్లకేసి కొట్టింది.

మళ్ళీ ఆన్ చేసేసరికి మూడూ నలభై. అతికిన సేవామూర్తి కాస్తా పోయింది. ఇక ఓపిక లేదు. ఆ మసక ఫోటో తీసేసింది. చివరి స్లైడు నల్లగా వదిలేసి, ఇందాక అతికిన ఫాంటులోనే మీద తెల్లగా ‘ముప్పయ్యొక్క ఏళ్ళు’ అని రాసింది. దానికి షాడో అక్కర్లేకపోయింది.

నాలుగింటికి హాల్లో లైట్లు ఆర్పారు. ఎప్పటిలాగే మెడలో కెమెరాతో ఆమె అందరికన్నా వెనక, ప్రొజెక్టరు పక్కన నిలబడింది. ఫోటోలు ఒకటొకటిగా వస్తున్నాయి. జనం కేకలేస్తున్నారు, ఒకరినొకరు చూపించుకుని నవ్వుకుంటున్నారు. నల్ల స్లైడు కూడా వచ్చి వెళ్ళింది.

“అమ్మమ్మ ఏదమ్మా?” అంది ముందు వరుసలోంచి చిన్నపిల్ల గొంతు.

హాలంతా వినపడింది. తల్లి అటూ ఇటూ చూసింది. ప్రొజెక్టరు పక్కన ఆమెకు తల కొట్టేసినట్టయింది. పొద్దుటినుంచి పడ్డ పాటంతా బూడిదలో పోసినట్టే.

లైట్లు వెలిగాయి.

మేనేజరు తిన్నగా ప్రొజెక్టరు దగ్గరికి నడిచొచ్చి, ఆమె ముందు చెయ్యి చాపి అన్నాడు: “మీ మెడలో ఉన్న ఆ కెమెరా నాకిచ్చి, వెళ్ళి మీ మనవరాలి పక్కన నిలబడండక్కా, ఇన్నేళ్ళూ మా అందరి ఫోటోలూ మీరే తీశారు, వెళ్ళిపోయే రోజైనా మీదొకటి మమ్మల్ని తీయనివ్వండి.”