రెండో వైపు మూడో పాట

"మా నాన్న పేరేది?"

రొవీనా రికార్డు అట్టను డెస్మండ్ ముఖానికి అడ్డంగా పట్టుకుంది. చర్చి కింద హాల్లో తింటున్నవాళ్ల ఫోర్కులు గాల్లోనే ఆగాయి. ఆమె నాన్న ఎల్‌రాయ్‌ని సమాధి చేసి వచ్చి ఇంకా గంటన్నర కాలేదు.

"పధ్నాలుగు పాటలు! తాళం వేసినవాడి పేరుంది, తప్పెట కొట్టినవాడి పేరుంది. మా నాన్న దగ్గరికొచ్చేసరికి 'బాస్ గిటార్: తెలియదు' అట. ఈ డేటన్ ఊళ్లో పిల్లినడిగినా చెప్తుంది, ఆ బాస్ మా నాన్నదని."

డెస్మండ్ చేతిలో పళ్లెం కింద పెట్టాడు. యాభై ఏళ్ల నాడు ఆ ఊరి కుర్రాళ్లు వాయించిన, కాలు నిలవనివ్వని ఫంక్ పాటలను ఏరి, ఒక ఎల్పీ రికార్డుగా వేసినవాడు అతనే. మొదటి ప్రతిని ఎల్‌రాయ్ చేతికిద్దామని షికాగో నుంచి వచ్చి, ఆయన శవపేటిక మీద మట్టి వేసి రావలసి వచ్చింది.

"అమ్మా, స్టూడియో కాగితాలు ఏనాడో కాలిపోయాయి. పోయిన నెల ఫోన్ చేసి మీ నాన్నగారినే అడిగాను. 'అక్కడున్నవాళ్లని అడుగు బాబూ' అని నవ్వేశారు."

"అది ఆయన మంచితనం! గొప్పలు చెప్పుకోవడం చేతకాదు ఆయనకి."

"కావచ్చమ్మా. రెండోసారి అచ్చుకి అట్ట రేపు వెళ్తుంది. పాట రికార్డు చేసిన రోజు అక్కడున్నవాళ్లు ఒక్కమాట చెబితే పేరు వేస్తాను. మళ్లీ మార్చడం కుదరదు."

అక్కడున్నవాళ్లలో ఇద్దరే మిగిలారు. డ్రమ్ములు కొట్టిన బూకర్, ట్రంపెట్ ఊదిన క్లియోఫస్. ఇప్పుడు బూకర్‌కి మోకాళ్లు లేవు, క్లియోఫస్‌కి పళ్లు లేవు. క్లియోఫస్ ఆ చర్చికే డీకన్, సంఘపెద్ద. ఇద్దరూ మూల బల్ల దగ్గర కేకు ముక్క మీద తగువులాడుకుంటున్నారు.

డెస్మండ్ తన చిన్న రికార్డు ప్లేయరు తెచ్చి రెండో వైపు మూడో పాట పెట్టాడు. బాస్ ఒక్క దెబ్బతో హాలంతా నిండిపోయింది. తెల్ల టోపీల పెద్దమ్మలు ఇది దేవుడిల్లని గుర్తుచేస్తూ మొహాలు తిప్పుకున్నారు. బల్ల కింద వాళ్ల బూట్లు మాత్రం తాళం తప్పలేదు. క్లియోఫస్ బొటనవేలు బల్ల అంచు మీద ఆడసాగింది. బూకర్ తన అరచెయ్యి దాని మీద వేసి నొక్కాడు.

"ఒరేయ్, చావు భోజనం. బుద్ధిగా ఉండు."

ఎల్‌రాయ్ భార్య వెర్డెల్ నల్ల గౌనులో, ఆ పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

పాట అయ్యాక డెస్మండ్ అడిగాడు. "బూకర్ గారూ, బాస్ ఎవరిది?"

బూకర్ ఒకసారి క్లియోఫస్‌ను, ఒకసారి కేకును చూశాడు. "నేను కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి నాయనా. వీణ్ణడుగు."

రొవీనా బైబిలు తెచ్చి క్లియోఫస్ ముందు పెట్టింది. "క్లియో బాబాయ్, దీని మీద చెయ్యి పెట్టి చెప్పు. ఆయన మనవల చేత ఆ అట్ట మీద నాన్న పేరు చదివించాలి నేను. ఇంకేమీ మిగల్చలేదు ఆయన."

క్లియోఫస్ బైబిలును మెల్లగా పక్కకు జరిపి, రికార్డు అట్ట మీద చెయ్యి పెట్టాడు.

"ఆ రోజు బైబిలు అక్కడ లేదు తల్లీ. ఈ పాటే ఉంది. రాసుకో బాబూ, బాస్ ఎల్‌రాయ్‌ది."

రొవీనా అతని మెడ చుట్టూ చేతులు వేసి భోరున ఏడ్చింది. బూకర్ కేకు ముక్క మొత్తం అతని వైపు తోసేశాడు.

డెస్మండ్ కలం తీశాడు గానీ రాయలేదు. "ఏమీ అనుకోకండి సార్, ఈ పాటలో ట్రంపెట్ లేదు. మరి మీరేం చేస్తున్నారప్పుడు?"



"నేనా?" క్లియోఫస్ గొంతు సవరించుకున్నాడు. "అందరికీ ఆకలేస్తోందంటే, వేయించిన చేపలు తేవడానికి వీధి చివరికి పోయాను."

"అయితే ఈ రికార్డులో మీ పేరు ఎక్కడా ఉండదు సార్. మీ బ్యాండుది ఇదొక్క పాటే దొరికింది."

"చేపలు తెచ్చినవాడి పేరు ఎవరు అచ్చేస్తారు బాబూ? రాసుకో."

డెస్మండ్ రాసుకున్నాడు.

వెర్డెల్ లేచి వంటగది వైపు నడిచింది. "ఈ రోజు నువ్వు పొయ్యి దగ్గరికి రాకూడదు సిస్టర్, కూర్చో" అని ఆడవాళ్లు చేతులడ్డం పెట్టారు. ఆమె వినలేదు. శుక్రవారం చర్చిలో అమ్మకానికి తెచ్చిన చేపలు మిగిలాయా అని మాత్రం అడిగింది. కాసేపటికి నూనె చిటపటలు వినిపించాయి.

జనం పలచబడ్డారు. క్లియోఫస్ టోపీ పెట్టుకుని మెట్లెక్కబోతుంటే వెర్డెల్ వచ్చి, వెండిరంగు కాగితం చుట్టిన పళ్లెం అతని చేతుల్లో పెట్టింది. కాలుతోంది.

"అందరికీ కోడి పెట్టి నాకు చేపేమిటి వెర్డెల్?"

ఆమె అటూ ఇటూ చూసింది. రొవీనా దూరంగా కుర్చీలు మడుస్తోంది. వెర్డెల్ గొంతు తగ్గించింది.

"ఆ రోజు చేపలు తెచ్చినాయనకి యాభై ఏళ్లూ ఒకటే దిగులు క్లియో. నువ్వు బాస్ కింద పెట్టి వచ్చేలోగా నీ వాటా కూడా తినేశారని."