శని, ఆదివారాల ఇల్లు

“ఆ కిటికీ అక్కడొద్దు,” అంది ఆవిడ.

ఆర్కిటెక్టు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. పోయిన శనివారం ఆ కిటికీ అక్కడే ఉండాలని పట్టుబట్టింది ఈవిడే.

“మంచం మీంచే వాగు కనబడాలని మీరే అన్నారు కదా మేడమ్!”

“అన్నాను. వాగు కనబడే చోటికి దోమలు కూడా వస్తాయి.”

“పోయిన వారం దోమలు లేవా?” జామచెట్టుకి ఆనుకుని నిలబడ్డ ఆయన అందుకున్నాడు. “కిటికీ ఉండాల్సిందే అమ్మాయ్. పొలంలో ఇల్లు కట్టుకుని గోడ చూస్తూ పడుకుంటామా?”

“ఆయనకేం! తల వాల్చగానే గురక. ఏ గోడయితేనేం?”

గాలికి ప్లాను ఎగిరిపోకుండా ఆర్కిటెక్టు నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. ఆ రాళ్ళలో ఒకటి తీసి తన నెత్తినే కొట్టుకోవాలనిపించింది.

ప్రతి శనివారం ఇదే తంతు. ఆయన పాత కారులో, ఆవిడ టాక్సీలో పొలానికి వచ్చేవారు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకరు ఎడ్డెం అంటే ఒకరు తెడ్డెం. నేల ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టందే పునాది తవ్వడానికి లేదు. ఆ రెండు సంతకాలూ ఒక కాగితం మీద పడేలోపు తన జుట్టు నెరిసిపోతుందేమోనని ఆమె భయం.

పోనీ వదిలేద్దామా అంటే, ఇది ఆమె మొదటి ఇల్లు. ఇన్నాళ్ళూ ఆఫీసులో ఇతరుల ప్లానుల్లో మెట్లూ బాత్రూములూ గీసింది. ఈ ఇంటిని మాత్రం పూర్తిగా తనే ఊహించింది. ఈ పొలం మట్టితోనే ఇటుకలు, ఒక్క చెట్టూ కొట్టకుండా వంపు తిరిగిన వరండా, వాన నేరుగా వచ్చి పడే నడిమి వాకిలి. అది లేచి నిలబడితే చూడాలని ఆమెకి ప్రాణం కొట్టుకుంటోంది. ఆఫీసులో పెద్దాయన మాత్రం తెగేసి చెప్పాడు. “వానలు పడేలోపు పునాది తియ్యకపోతే ఈ పని ఇంకొకరికిస్తాను. నువ్వు మళ్ళీ బాత్రూములు గీసుకో.”

వీళ్ళ గొడవ శనివారంతో ఆగినా బాగుండేది. మొన్న సోమవారం ఆయన ఫోను చేశాడు.

“ఆవిడ వరండాకి ఒప్పేసుకున్నట్టుంది. దాన్ని కాస్త పడమటికి తిప్పి చూపించు.”

“తూర్పే బాగుందన్నారుగా సార్?”

“బాగుందిలే. కానీ ఆవిడకి పడమటెండ పడదు.” ఫోను పెట్టేశాడు.

బుధవారం ఆవిడ ఏకంగా ఆఫీసుకే వచ్చింది. “వంటింటికి ఆయన సరే అన్నారా? అయితే కట్టెలపొయ్యి పెట్టు. పొగంటే ఆయనకి చిరాకు.”

ఆర్కిటెక్టుకి ఒళ్ళు మండిపోయింది. ఒకరినొకరు ఏడిపించుకోవడానికి వీళ్ళకి తన ఇల్లే దొరికిందా? ఇంటికెళ్ళి వెళ్ళగక్కితే తల్లి పడీపడీ నవ్వింది. “మొగుడూ పెళ్ళాలంటే అంతేనే. మీ నాన్నా నేనూ బీరువా ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.”

ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు ఇంకా కోపమొచ్చింది. ఆర్కిటెక్టు పెన్సిలు విసిరేసింది.

“సార్! మేడమ్! ఇక నా వల్ల కాదు. కిటికీ ఉంచుతారో, పూడుస్తారో మీ ఇష్టం. ఇవాళ సంతకాలు పడకపోతే ఈ ఇల్లు నా చేతుల్లోంచి పోతుంది. నేను గీసిన మొదటి ఇల్లిది. మీకది సరదా కావచ్చు. నాకు కాదు.”

పెద్దవాళ్ళ ముందు అరిచినందుకు వెంటనే సిగ్గేసింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్ని వారాల్లో పోట్లాట లేకుండా అలా చూసుకోవడం ఆర్కిటెక్టు చూడలేదు.

“కిటికీ తీసేద్దాంలే,” అన్నాడాయన మెల్లగా.

“వద్దు, ఉండనివ్వండి. మీకు వాగు చూడ్డం ఇష్టంగా,” అంది ఆవిడ.

ఆవిడ చకచకా సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా టాక్సీ ఎక్కేసింది. ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం వంకే చూశాడు. ఆ తర్వాత తనూ పెట్టాడు.

ఆర్కిటెక్టు గాల్లో తేలిపోయింది. ఆయన మనసు మారేలోపు ప్లాను చుట్టేసి చంకలో పెట్టుకుంది. కారు దాకా నడిచి ఆయన ఆగాడు.

“కట్టేటప్పుడు మేమిద్దరం రానక్కర్లేదా అమ్మా?”

“అస్సలు అక్కర్లేదు సార్. మేస్త్రీ ఉంటాడు, నేనుంటాను.”

“వారానికోసారి వచ్చి చూసుకుంటే?”

“వస్తే మళ్ళీ అన్నీ మార్చమంటారు!” ఆమె నవ్వేసింది. “కాస్త ఓపిక పట్టండి సార్. ఇల్లు పూర్తయ్యాక ప్రతి శనివారం ఇద్దరూ ఇక్కడికొచ్చి, మీ ఇష్టం వచ్చినంతసేపు దెబ్బలాడుకోండి.”

ఆయన నవ్వలేదు. కారు తలుపు పట్టుకుని, టాక్సీ వెళ్ళిన దారి వైపే చూస్తూ అన్నాడు.

“ఇల్లు లేచాక ఒక వారం ఆవిడకి, ఒక వారం నాకు అని విడాకుల తీర్పులో ఉందమ్మా.”