సూళగిరి దగ్గర ఆగిన బండి

సూళగిరి దాటగానే టెంపరేచర్ ముల్లు మళ్ళీ సగం గీత మీదికి లేచింది.

శశికుమార్ పికప్ బండిని హైవే పక్కకు తీసి ఆపాడు.

వెనక తొట్టిలో ఉన్న అమ్మాయిలంతా ఒక్కసారిగా గోల పెట్టారు.

"మళ్ళీ ఎందుకు ఆపినావన్నా?" భూమిక పక్కనుంచి తల వంచి అరిచింది.

భూమిక శశికుమార్ చెల్లెలు. మత్తిగిరి అమ్మాయిల కబడ్డీ జట్టుకు కెప్టెన్. ఆ జట్టు కృష్ణగిరిలో జరిగే జిల్లా ఫైనల్‌కు రావడం ఇదే మొదటిసారి. ఆ సంబరంలో రాత్రి ఎవరికీ నిద్ర లేదు. పొద్దున్నే పసుపు జెర్సీలు తొడుక్కుని, బండి ముందు తమ ఫోటోల బ్యానర్ కట్టించుకుని, ఈలలు వేసుకుంటూ బయల్దేరారు.

"నీళ్ళేమీ పొంగలేదు కదన్నా. కొంచెం వేడే కదా. పోనీ!"

"కొంచెమే. కానీ పాత ఇంజను. ఇట్లే తోలితే హెడ్ గాస్కెట్ పోతాది. అప్పుడు కృష్ణగిరి కాదు, యాడికీ పోలేము."

అతను బోనెట్ ఎత్తాడు. కూలెంట్ నిండుగానే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది. బెల్టు బిగువుగా ఉంది. గొట్టాలు ఎక్కడా కారడం లేదు.

"థర్మోస్టాట్ పోయిందో ఏమో" అంటూ తల గోక్కున్నాడు.

"ఏమప్పా, కృష్ణగిరికేనా?"

బస్‌స్టాప్ నుంచి ఒకామె నడిచి వచ్చింది. నేత చీర, భుజాన సంచి. మొహమంతా చెమట.

"బస్సు ఒకటీ ఈడ నిలబడలేదు. నన్ను కూడా ఎక్కించుకుంటావా? నాకు తొందర పని ఉంది."

"ఎక్కుదువులేమ్మా. ముందు బండి కదలాల కదా."

ఆమె జెర్సీల వైపు చూసింది. "ఫైనల్ ఆడేది మీరేనా?"

"మేమే అక్కా!" అమ్మాయిలంతా ఒకేసారి అరిచారు. "కావేరిపట్నం వాళ్ళతో. పోయినేడు కప్పు వాళ్ళదే. ఈసారి మాదే!"

"టైముకు పోలేకపోతే?"

"ఆడకుండానే వాళ్ళు గెలిచినట్లంట అక్కా." అంది భూమిక.

ఆమె ఒక్క క్షణం కృష్ణగిరి వైపు పోయే లారీలను చూస్తూ నిలబడింది.

తర్వాత సంచి కింద పెట్టి, కొంగు నడుముకు దోపింది.

"ఎప్పుడు వేడవుతాదప్పా? నిలబడినప్పుడా, పోతా ఉన్నప్పుడా?"

"పోతా ఉన్నప్పుడేమ్మా. వేగం పెంచితే ముల్లు లేస్తాది. నిదానిస్తే దిగుతాది."

"నిన్న?"

"నిన్న ఏమీ లేదు. టమోటా లోడుతో పోయినాను, ముల్లు కదల్లేదు."

"అట్లయితే ఇంజను తప్పు కాదు. పోతా ఉంటే రేడియేటర్‌కు ఎదురుగాలి తగలాల. ఆ గాలి అందలేదు. మా నాయన బండికి ఒకసారి గోనెసంచి అతుక్కోని ఇట్లే అయింది."

ఆమె బండి ముందుకు వచ్చి ఆగింది.

"నిన్న లేనిది, ఈ రోజు ఉండేది ఇదే కదా?"

పసుపు బ్యానర్ రేడియేటర్ ముందున్న జాలీని ఈ చివర నుంచి ఆ చివరకు కప్పేసి ఉంది.

శశికుమార్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో, నేనే కదమ్మా బిగించి కట్టినాను!"

అమ్మాయిలు పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ముడులు విప్పి, ఫోటోల మీద మడత పడకుండా బ్యానర్ చుట్టి భూమిక చేతికిచ్చింది.

"బాగా ఆడండమ్మా."

"టైం లేదన్నా, పద పద!"

తొట్టి మీద దబదబా దరువు మొదలైంది. శశికుమార్ బోనెట్ మూసి, ఒక్క గెంతులో ఎక్కి బండిని దూకించాడు.

వేగం పెరిగింది. ముల్లు మెల్లగా దిగింది. సగం గీత కిందే నిలిచింది.

"దిగిందే! దిగిందే!" అతని కేక వెనకదాకా వినిపించింది.

టోల్‌గేట్ దగ్గర భూమిక ఉలిక్కిపడింది.

"అన్నా! ఆ అక్కను ఎక్కించుకోలేదే!"

ఈలలు ఆగిపోయాయి. అందరూ వెనక్కి చూశారు.

"ఇప్పుడు తిరిగి పోతే ఆట పోతాది పాప" అన్నాడు శశికుమార్, తల తిప్పకుండా.

పేర్లు పిలుస్తుండగా వాళ్ళు మైదానంలోకి పరిగెత్తారు.

ఆట హోరాహోరీగా సాగింది. కావేరిపట్నం అమ్మాయిలు బలమైనవాళ్ళు. కానీ ఎందుకో మాటిమాటికీ గేటు వైపు చూస్తున్నారు. విరామంలో కూడా ఏం చెయ్యాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

చివరికి పాయింట్లు సమానం. ఆఖరి కూత భూమికది.

ఒకరిని తాకింది. ముగ్గురు మీద పడ్డారు. ఊపిరి బిగబట్టి పాకింది. వేలికొస గీతను అందుకుంది.

ఈల మోగింది. మైదానం దద్దరిల్లింది!

జట్టంతా భూమికను భుజాల మీదికి ఎత్తుకుంది. ఆ ఎత్తు నుంచి గేటు వైపు చూసి ఆమె కేక పెట్టింది.

సంచి పట్టుకుని, ఆయాసపడుతూ లోపలికి వస్తోంది ఆ అక్క.

భూమిక కిందికి దూకి పరిగెత్తింది. "అక్కా, గెలిచినాం! మీ వల్లనే అక్కా! మిమ్మల్ని ఆడనే వదిలేసి వచ్చినాము, కోపం పెట్టుకోవద్దు!"

"కోపమెందుకమ్మా. ఆఖరి కూత గేటు కాడ నుంచి చూసినాను. బాగా పోయినావు."

ఆమె భూమిక చెంప నిమిరి, పక్కనుంచి నడిచి మైదానం అవతలి వైపుకు వెళ్ళింది.

అక్కడ ఏడుస్తూ కూర్చున్న కావేరిపట్నం అమ్మాయిలు "కోచ్ మేడం!" అంటూ లేచి, ఆమెను చుట్టుకున్నారు.